మన డబ్బులు వైడ్ లెన్స్‌కి వద్దు

యాత్రా సంచిక కోసం తలా 300 వేసుకున్నాం. 31 మందిమి, మొత్తం 9,300. సీనియర్లు వదిలేసి వెళ్ళిన కెనాన్ 1500డి ఉంది, దానితో వచ్చిన 18-55 లెన్స్ ఉంది. ఈ డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఇంకొక్క లెన్స్ కొనాలి. రెండు రావు, ఒక్కటే. గ్రూపులో పోల్ పెడితే ఎక్కువమంది 10-18 వైడ్ లెన్స్‌కి నొక్కారు. నేనూ, ఇంకో ఇద్దరూ 55-250కి నొక్కాం. "ల్యాండ్‌స్కేప్‌కి టెలీ ఏంట్రా, కొంగల్ని తీస్తావా?" అని కింద కామెంటు. గ్రూపులో పేరాలు రాస్తే ఎవరూ చదవరు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

లెన్స్ మీద ఉండే అంకెలతో మొదలుపెడతా. కెమెరా ముట్టుకోనివాళ్ళు కూడా డబ్బులు వేశారు కదా, వాళ్ళకీ అర్థం కావాలి. ఆ అంకె ఫోకల్ లెంగ్త్. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నా రూమ్మేట్ దాన్ని "నాభ్యంతరం" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను గానీ, ఆలోచిస్తే ఇంగ్లీష్ మాటకన్నా అదే బాగా అర్థమవుతుంది. నాభి అంటే కాంతి వచ్చి కలిసే చోటు, దానికీ కటకానికీ మధ్య ఉన్న అంతరం. ఆ దూరం తక్కువైతే లెన్స్ ఎక్కువ వెడల్పు చూస్తుంది, ఎక్కువైతే తక్కువ వెడల్పు చూస్తుంది. మన కెమెరాలో 10 ఎంఎం పెడితే ఫ్రేము మూల నుంచి మూలకి 107 డిగ్రీలు కనిపిస్తుంది. 18 పెడితే 74. 55లో సుమారు 28. 250లో 6 డిగ్రీలే.

మన కెమెరా సెన్సర్ పాత ఫిల్మ్ ఫ్రేముకన్నా చిన్నది. అందుకని ఫోన్లతో పోల్చాలంటే ఈ అంకెల్ని 1.6తో గుణించాలి. 10 కాస్తా 16 అవుతుంది, 18 అయితే 29, 250 అయితే 400. ఇప్పుడు ఫోన్ తీసి చూడండి. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా 24, 26 దగ్గర ఉంటుంది. అంటే మన 18-55 ఎంత వెడల్పు చూస్తుందో అంతకన్నా కాస్త ఎక్కువే. ఐఫోన్‌లో 0.5 నొక్కితే వచ్చేది 13. అంటే మనం 9,300 పోసి కొనబోయే 16కన్నా వెడల్పు. ఐఫోనే అక్కర్లేదు, మన బ్యాచ్‌లో అల్ట్రా వైడ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. వైడ్ లెన్స్ అందరి జేబుల్లోనూ ఉంది. లేనిది దూరం చూసే లెన్సే. 400కి సమానమైనది, సరైన గాజుతో తీసేది, మనలో ఎవరి ఫోన్‌లోనూ లేదు. నా వాదనలో సగం ఇదే. ఇక్కడితో ఆపేసినా నాకు అభ్యంతరం లేదు, కానీ గ్రూపులో వచ్చిన ప్రశ్నలకి జవాబులు బాకీ ఉన్నాయి.

"ఫోన్ అల్ట్రా వైడ్ క్వాలిటీ ఎక్కడ, డీఎస్‌ఎల్‌ఆర్ ఎక్కడ?" నిజమే, చీకట్లో ఫోన్ వైడ్ కెమెరా చేతులెత్తేస్తుంది. కానీ పగటి వెలుతురులో 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే అడ్డంగా 4,000 పిక్సెళ్ళు. ఫెస్ట్‌లో గోడకి పెట్టే ఏ3 ప్రింటు సుమారు పదహారున్నర అంగుళాలు. అంగుళానికి 240 పిక్సెళ్ళ పైనే వస్తాయి. ఆ దూరం నుంచి ఎవరూ తేడా పట్టలేరు.

దీన్నే తిరగేసి ఇంకొకడు అడిగాడు, మంచి ప్రశ్నే: "అలాగైతే 55లో తీసి క్రాప్ చేసుకోవచ్చుగా, టెలీ ఎందుకు?" 55 నుంచి 250కి వెళ్ళాలంటే దాదాపు నాలుగున్నర రెట్లు కోయాలి. అడ్డంగా 6,000 ఉన్నది 1,320కి వస్తుంది. నిలువులోనూ అంతే కోత. 24 మెగాపిక్సెళ్ళలో మిగిలేది ఒకటీ చిల్లర. ఫోన్ స్క్రీన్‌లో సరిపోతుంది, ఒప్పుకుంటా. కానీ ఏ3లో అంగుళానికి 80 పిక్సెళ్ళే. నాయిసూ, లెన్స్ మెత్తదనమూ కూడా నాలుగున్నర రెట్లు పెరిగి కనిపిస్తాయి. ఫోన్ వైడ్ ఫోటో ప్రింటుకి నిలబడుతుంది, క్రాప్ చేసిన టెలీ నిలబడదు.

ఇక అసలు విషయం. వైడ్ లెన్స్ అంటే "అంతా పట్టేది" అని, టెలీ అంటే "దగ్గరికి లాగేది" అని మనం మాట్లాడుకుంటాం. ఈ రెండు మాటలే తప్పుదోవ పట్టిస్తున్నాయి.

వరంగల్ కోట గుర్తుంది కదా. మధ్యలో పడిపోయిన గుడి శిథిలాలు, నాలుగు దిక్కులా నాలుగు కాకతీయ తోరణాలు. ఒక తోరణం లోంచి ఎదురుగా ఉన్న తోరణాన్ని చూపిస్తూ ఫోటో తీయాలనుకోండి. లెక్క కోసం రెండింటి మధ్య 150 మీటర్లు ఉందనుకుందాం. వైడ్ పెట్టుకుని మొదటి తోరణానికి 20 మీటర్ల దూరంలో నిలబడితే, రెండోది మననుంచి 170 మీటర్లు. అంటే ఫోటోలో అది ఎనిమిదిన్నర రెట్లు చిన్నగా వస్తుంది. అగ్గిపెట్టె అంత. "అక్కడ ఇంకో తోరణం ఉంది చూడండి" అని కింద రాయాల్సి వస్తుంది. ఇప్పుడు చోటు దొరికినంత వెనక్కి నడవండి. 150 మీటర్లు వెనక్కి వెళ్తే దగ్గరిది 150, దూరంది 300. సగం సైజు, అంతే. అంత దూరం నుంచి ఫ్రేము నిండాలంటే టెలీ కావాలి. అప్పుడు ఒక తోరణంలో ఇంకో తోరణం ఇమిడినట్టు వస్తుంది. కట్టినవాళ్ళు వాటిని ఎదురెదురుగా ఎందుకు నిలబెట్టారో ఆ ఫోటో చూస్తే తెలుస్తుంది.

గమనించండి, ఇక్కడ సైజుల్ని మార్చింది లెన్స్ కాదు, మన నడక. మనం ఎక్కడ నిలబడ్డామో దాన్ని బట్టి దగ్గరివీ దూరానివీ ఏ నిష్పత్తిలో కనిపిస్తాయో తేలిపోతుంది. ఆ కనిపించిన దాంట్లో ఎంత ముక్క కోయాలన్నది మాత్రమే లెన్స్ పని. "టెలీ కంప్రెషన్" అని యూట్యూబ్‌లో పెద్ద మంత్రంలా చెప్తారు గానీ వెనక ఉన్నది ఎనిమిదో తరగతి నిష్పత్తులే.

గండికోటకి వెళ్ళొచ్చిన ప్రతి బ్యాచ్ ఫోటోలూ చూశాను. అన్నీ ఒకటే ఫోటో. అంచు మీద నిలబడి, ఫోన్‌ని 0.5లో పెట్టి నొక్కుతారు. కింద సగం ఎర్ర రాళ్ళు, పైన సగం ఆకాశం, మధ్యలో పెన్నా నది రిబ్బన్ ముక్క. అక్కడ నిలబడితే గుండె ఝల్లుమంటుంది, ఫోటోలో ఏమీ అనదు. ఎందుకంటే అక్కడ మనల్ని ఝల్లుమనిపించేది ఎదుటి గోడ. దొంతరలు పేర్చినట్టు ఉండే ఆ రాయి, పొద్దున్న పక్క నుంచి ఎండ పడితే ఒక్కో పొర నీడ విడివిడిగా కనిపిస్తుంది. 100 నుంచి 150 మధ్యలో పెట్టి ఆ గోడనీ, నది తిరిగే మలుపునీ మాత్రమే తీసి చూడండి. ఎదుటి అంచు మీద ఎవరైనా మనిషి నిలబడి ఉంటే ఇంకా మంచిది. గోధుమ గింజంత మనిషి, వెనక అంత గోడ. లోయ ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది.

పాపికొండల్లో ఇంకో ఇబ్బంది, మనం లాంచీలో ఉంటాం. ముందుకు నడవలేం, వెనక్కి నడవలేం. "కాళ్ళతో జూమ్ చెయ్యి" అన్న సలహా గోదావరి మీద చెల్లదు. దూరంగా కొండ వెనక కొండ, దాని వెనక ఇంకోటి, వెనక్కి పోయేకొద్దీ రంగు పలచబడుతూ ఉంటాయి. వైడ్‌లో అవన్నీ కలిసి ఒక సన్నటి గీత అవుతాయి. మిగతాది నీళ్ళూ, రెయిలింగూ, ముందు సీటాయన తలా. వనజంగి మేఘాలదీ ఇదే కథ. పాల సముద్రంలో కొండ కొనలు తేలుతున్నట్టు కంటికి కనిపిస్తుంది, ఎందుకంటే కన్ను అంత చోటులో ఆ ముక్కనే ఏరుకుంటుంది. వైడ్ ఏరుకోదు.

వైడ్ లెన్స్‌ని తిడుతున్నానని అనుకోకండి. దాని అసలు బలం వేరే చోట ఉంది, మనవాళ్ళు దాన్ని వాడరు. 10 ఎంఎం, ఎఫ్/8 పెట్టి సుమారు 67 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 33 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. అంటే ఒక అడుగు దూరంలో ఉన్న రాయి మీద నాచూ, వెనక ఉన్న కొండా రెండూ ఒకేసారి. అది టెలీతో కల. 250 ఎఫ్/8లో అదే లెక్క వేస్తే 400 మీటర్లు దాటుతుంది. కానీ అలా తీయాలంటే నేల మీద బోర్లా పడుకుని, ఒక అడుగు దూరంలోకి వెళ్ళి, ముందు ఏం పెట్టాలో వెతుక్కోవాలి. మనవాళ్ళు వైడ్ కొనమనేది గ్రూప్ ఫోటోలో 40 మంది పట్టడానికి. చివర నిలబడ్డవాళ్ళ మొహాలు పక్కకి సాగి, మర్నాడు అందరూ తిట్టేదీ ఆ ఫోటోనే.

బొర్రా గుహల్లో మాత్రం వాళ్ళదే పైచేయి. లోపల వెనక్కి జరగడానికి చోటుండదు, చీకటి, ఫోన్ పనికిరాదు. గుడి మండపాల్లోనూ అంతే. దానికి నా దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, హైదరాబాద్, వైజాగ్‌లలో లెన్సులు రోజుకింత అని అద్దెకి ఇస్తారు, ఆ ఒక్క రోజుకి తెచ్చుకుందాం. రెండోది నాకు నచ్చింది. కెమెరాని నిలువుగా పట్టుకుని 18లో మూడు ఫోటోలు, ఒక్కోదాంట్లో మూడో వంతు ముందుదాని మీద పడేలా తీయండి. నిలువు ఫ్రేములో 18 అడ్డంగా 45 డిగ్రీలు చూస్తుంది. మూడు కలిపితే దాదాపు 105. 10 ఎంఎం అడ్డంగా చూసేది 96. హగిన్ అని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, పైసా ఖర్చు లేకుండా కుట్టేస్తుంది. మన సీఎస్‌ఈ వాళ్ళయితే అది కూడా అక్కర్లేదు. రెండు ఫోటోల్లో ఒకేలా ఉన్న బిందువుల్ని పట్టుకుని, తప్పు జోడీల్ని రాన్‌శాక్‌తో ఏరేసి, హోమోగ్రఫీ వేస్తే అయిపోతుంది. ఓపెన్‌సీవీలో ఒక రాత్రి పని. కదిలే జనం, అలలు, మరీ దగ్గరి వస్తువులు ఉంటే అతుకు కనిపిస్తుంది. రాతి గుహ కదలదు కదా.

నక్షత్రాల కోసం వైడ్ కావాలన్న అక్కకి: మీ మాట నిజమే. 18లో 17 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి, 10లో 30 సెకన్ల దాకా ఆగొచ్చు. కానీ ఆ లెన్స్ 10 దగ్గర ఎఫ్/4.5కే తెరుచుకుంటుంది, మన కిట్ లెన్స్ 18లో ఎఫ్/3.5. మీరు టైములో సంపాదించింది వెలుతురులో కొంత పోతుంది.

పోల్‌లో 50 ఎంఎం ఎఫ్/1.8కి కూడా ఏడు ఓట్లు ఉన్నాయి. మంచి లెన్స్, 160 గ్రాములే, జేబులో పడుతుంది. 50 దగ్గర మన కిట్ లెన్స్ ఇచ్చే వెలుతురుకి దాదాపు పదింతలు ఇస్తుంది. సాయంత్రం సంతలో మనుషుల్ని తీయాలంటే దాన్ని మించింది లేదు. కానీ కొండలూ లోయలూ తీసేటప్పుడు అందరూ ఎఫ్/8కి మూస్తారు, అక్కడ ఆ పదింతల లాభం సున్నా. (ఇంకొందరు ఎఫ్/22కి మూస్తారు, "అంతా షార్ప్‌గా వస్తుంది" అని. రాదు. అంత చిన్న కంతలోంచి వచ్చిన కాంతి చుక్క సెన్సర్ మీద 30 మైక్రాన్ల దాకా పరుచుకుంటుంది, మన పిక్సెల్ 3.7 మైక్రాన్లే. దయచేసి మానేయండి.)

18-200, 18-400 లాంటి అన్నీ ఒక్కటే లెన్సులు మన డబ్బుకి రావు, వచ్చినా బరువు. దాటేద్దాం.

ఎవరూ మాట్లాడని ఫిల్టర్ సంగతి ఒకటి ఉంది. మధ్యాహ్నం ఎండలో ఆకుల మీద మెరుపు తగ్గించి, నీలం తేల్చాలంటే పోలరైజర్ కావాలి, దాన్ని కంప్యూటర్‌లో తర్వాత తయారు చేయలేం. మన 18-55కి 58 ఎంఎం ఫిల్టర్ పడుతుంది. 55-250కీ 58. ఒకటి కొంటే రెండింటికీ సరిపోతుంది. 10-18కి 67, అంటే ఇంకో ఖర్చు. పైగా అంత వెడల్పులో పోలరైజర్ పెడితే ఆకాశం ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క తెల్లగా మచ్చ పడినట్టు వస్తుంది. ఇంకోటి, మన దగ్గరున్న కిట్ లెన్స్ ఫోకస్ చేసినప్పుడల్లా ముందు భాగం తిరుగుతుంది. కాబట్టి ముందు ఫోకస్ చేసి, తర్వాత ఫిల్టర్ తిప్పాలి. 55-250లో ఎస్‌టీఎం అని రాసి ఉన్నది కొంటే ఆ తలనొప్పి లేదు. పాత ఐఎస్ టూ కాస్త చవక, కానీ అది తిరుగుతుంది. మనం వెతకాల్సింది ఎస్‌టీఎం.

టెలీకి కష్టాలు లేవా అంటే బోలెడు. చేయి వణుకు మొదటిది. 250లో చేత్తో పట్టుకుని తీయాలంటే షట్టర్ 1/400 దగ్గర ఉండాలని పాత లెక్క. 18లో 1/30 చాలు. లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంది, కెనాన్ మూడున్నర స్టాపుల సాయం అంటుంది, కానీ అది మన వణుకుకే. తెల్లవారుజామున పిట్టగోడ మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి. రెండోది గాలి. కిలోమీటర్ల గాలిలోంచి చూస్తున్నాం కదా, ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో రాళ్ళ మీద నుంచి లేచే వేడికి ఎదుటి గోడ నీళ్ళలో ఉన్నట్టు అలలాడుతుంది. ఏ లెన్స్ కొన్నా అది పోదు. ఎండ ముదరకముందే తీసుకోవాలి, అంటే మన బ్యాచ్‌ని నాలుగింటికి లేపాలి. లెన్స్ కొనడం కన్నా అది కష్టం.

మూడో కష్టమే నన్ను నిజంగా ఆలోచింపజేసింది. మీటింగులో ఫస్ట్ ఇయర్ అమ్మాయి ఒకామె అడిగింది: "దూరం నుంచి తీసే లెన్స్ ఇస్తే, అడక్కుండా ఆడవాళ్ళ ఫోటోలు తీయరని గ్యారెంటీ ఏంటి?" ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అరకు సంతలో కూర్చున్న గిరిజన స్త్రీ మొహాన్ని 250లో అటుపక్క రోడ్డు మీద నుంచి లాగేస్తే ఆమెకి తెలియను కూడా తెలియదు. ఆ ఫోటో కింద మనం కవిత్వం రాస్తాం, పైగా. 50 ఎంఎం అయితే ఎదురుగా వెళ్ళి నిలబడాలి, ఆమె వద్దంటే చేయి అడ్డం పెడుతుంది. ఈ విషయంలో 50కి ఓటేసినవాళ్ళదే న్యాయం. అయినా లెన్స్ వద్దనను, నియమం పెడదామంటాను. ఒకరి మొహం గుర్తుపట్టేలా ఉన్న ఏ ఫోటో అయినా, వాళ్ళ దగ్గరికి వెళ్ళి స్క్రీన్ చూపించి, సరేనంటేనే సంచికలోకి వస్తుంది. అడిగానని తీసినవాళ్ళు పేరు పెట్టి సంపాదకులకి రాసివ్వాలి. ఎదుటి అంచు మీద గోధుమ గింజంత మనిషి వేరు, మొహం వేరు. గత సంచికలోని ఫోటోలకి ఈ నియమం పెట్టి ఉంటే ఎన్ని మిగిలేవో మీరే చూసుకోండి. వాటిలో సగం ఫోన్‌తో తీసినవే.

ఏది కొన్నా సెకండ్ హ్యాండే కాబట్టి చూసుకోవాల్సినవి. ముందు, వెనక మూతలు తీసి ఫోన్ టార్చ్ ఒక పక్క నుంచి కొట్టి ఇంకో పక్క నుంచి చూడండి. దుమ్ము రేణువులు నాలుగు ఉంటే పర్లేదు. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. కోస్తా నుంచి వచ్చే లెన్సుల్లో తేమ వల్ల ఇది ఎక్కువగా ఉండొచ్చు. మన కెమెరా పట్టుకెళ్ళి పెట్టి, 250లో స్టెబిలైజర్ ఆన్, ఆఫ్ చేసి చూస్తే లైవ్ వ్యూలో బొమ్మ నిలబడటం కనిపించాలి. కొన్నాక క్లబ్ బీరువాలో గుడ్డ సంచిలో పడేయకుండా, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి. డబ్బా నేను తెస్తా.

పోల్ శనివారం రాత్రి దాకా తెరిచే ఉంది, వేసిన ఓటు మార్చుకోవచ్చు. ఆదివారం పొద్దున్న ముగ్గురం బయల్దేరుతున్నాం, ఏది గెలిస్తే దాన్నే చూసొస్తాం. కెమెరా బ్యాటరీ ఎవరి రూములో ఉందో కాస్త చెప్పండి.